యూరియా వేసి జన్యువును నిందించిన కథ

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఖరీఫ్ మొదట్లో, సీనియర్ శాస్త్రవేత్తగా మదనపల్లె వ్యవసాయ పరిశోధన కేంద్రానికి బదిలీ అయ్యాను. అప్పగించిన పని వేరుశనగ వేళ్ల మీది బుడిపెలు. వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పనిచేసే బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు, ముసలిదైతే ఆకుపచ్చ. ముసలితనంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములు చెలరేగుతాయి. వాటిని తయారుచేయించే జన్యువులు ఎప్పుడు మేల్కొంటాయో మేం చూడాలి.

ఒకే రకం విత్తనాన్ని పుంగనూరులో ఒక చేలో, కుప్పం పక్క రామకుప్పంలో మునెమ్మ అనే రైతు చేలో వేయించాం. పూత ముగిసేనాటికి పుంగనూరు బుడిపెలు గులాబీగా, మునెమ్మవి పచ్చగా ఉన్నాయి. ల్యాబ్‌లో చూస్తే రామకుప్పం నమూనాల్లోనే ఆ జన్యువులు రెచ్చిపోయాయి.

మా హెడ్ గారికి చేలకు వెళ్లే దురలవాటు లేదు. కుర్చీలోంచే సత్యం కనుక్కున్నారు: ఈ రకం కుప్పానికి పనికిరాదు, సిఫారసు జాబితాలోంచి తీసేయాలి. తీసేస్తే అక్కడి రైతులకు సబ్సిడీ విత్తనం అందదు. నోట్ టైపు చేయించి, సంతకం మాత్రం ఉదారంగా నాకు వదిలేశారు.

సంతకం పెట్టకుండా రామకుప్పం బస్సెక్కాను. కలుపు తీస్తున్న మునెమ్మను, చేనుకు ఏమైనా వేశావా అని అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"నన్ను యాల అడగతా ఉండారు మేడమ్? మీ ఆఫీసోళ్లే గదా యూరియా మూటలు తెచ్చింది! సెనక్కాయకు వద్దప్పా అంటే, పెద్దాయనెవరో సూసేదానికి వస్తాండాడు, సేను పచ్చంగా ఉండల్ల అని సల్లిపోయినారు. ఆయప్ప కారు గూడా దిగల్యా."

ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టింది. "ఆకు బాగుండాది. కాయ యాడుండాది?"

నేలలోనే నత్రజని పుష్కలంగా దొరికితే మొక్క బాక్టీరియాను పోషించదు, బుడిపెలను తొందరగా ముసలివి చేసేస్తుంది. ఆ ప్రయోగంలో నిబంధనల ప్రకారం పనిచేసినవి ఆ జన్యువులే.

యూరియా అతిథి మర్యాద కిందికి వస్తుంది గాని ప్రయోగం కిందికి రాదని హెడ్ గారు వివరించారు. నేను మట్టి పరీక్ష, మునెమ్మ మాటలు జతచేసి వేరే నోట్ పైకి పంపాను. రకం జాబితాలో మిగిలింది. నన్ను స్టోర్సులో కుండీలు లెక్కపెట్టే బాధ్యతకు ఎంపిక చేశారు. మరుసటి ఏడు ఒక సదస్సులో హెడ్ గారు, యూరియా వల్ల బుడిపెలు ముందే ముసలివవుతాయని తన పరిశీలనగా ప్రకటించి శాలువా కప్పించుకున్నారు. మునెమ్మకు పోయిన కాయకు పరిహారం ఇవ్వడానికి మాత్రం మా దగ్గర ఏ ఫారమూ లేదు.

ఆయన్ను అనడం తేలిక. అంతకుముందు రెండుసార్లు నేనే ఆ చేలో నమూనాలు తీసి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, ఒక్క ప్రశ్నా అడగకుండా వచ్చాను. జన్యువు ఏం చేసిందో ల్యాబ్ చెబుతుంది. ఎందుకు చేసిందో తెలియాలంటే ముందు చేనుగలవాళ్లను అడగాలి. ఇది తెలియడానికి నాకు దాదాపు సర్వీసంతా పట్టింది.