బెంచీ మీంచి విజయనగరం దాకా

మొన్న ఆదివారం ఆరాధనకు బయలుదేరుతూ గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. మా మనవరాలు ఫోను తెచ్చి నా ఒళ్ళో పడేసి, "తాతా, ఆప్‌కా గోల్ఫ్‌వాలా గ్రూప్" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. తెరిచి చూస్తే ఒక బెంచీ ఫొటో. మైదానంలో మొదటి ఆట మొదలయ్యే చోట, గుల్‌మొహర్ చెట్టు పక్కన, కొత్త వార్నిషు పూసుకుని మెరుస్తూ ఉంది. దానికి బిగించిన ఇత్తడి పలక మీద మా పెద్దబావ పేరు, "ప్రేమపూర్వక స్మృతికి" అన్న మాట, అడుగున చేయించిన వారిగా మా చిన్నబావ పేరు. కింద వరసగా దండాల బొమ్మలు, పువ్వులు, ఎంత మంచి ఆలోచన అన్న మెచ్చుకోళ్ళు. ఆఖరున నాకు ఒక విన్నపం: వచ్చే శనివారం పోటీకి ముందు ఆ బెంచీ దగ్గర నాలుగు మాటలు ప్రార్థన చెయ్యాలట. సరేనని ఒప్పుకున్నాను. చర్చిలో సంఘపెద్దను, ప్రార్థన చెయ్యమంటే కాదనే అలవాటు నాకు లేదు. కానీ ఆ బెంచీని నేను ఎరుగుదును. వార్నిషు కింద ఆ చెక్క మీద ఎవరెవరి పాదాల గుర్తులున్నాయో కూడా ఎరుగుదును.

నాతోపాటు చదువుకుని, నాతోపాటే జుట్టు నెరిసినవాళ్ళకు మా బడి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ టాటానగర్‌లో మిషను బడి అంటే ఉక్కు కర్మాగారం ఆఫీసర్ల పిల్లలూ, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల నుంచి మాలాంటి వాళ్ళమూ, మాంగో వంతెన దాటి వచ్చే వర్తకుల పిల్లలూ ఒకే వరసలో నిలబడి కీర్తన పాడే చోటు. ఉద్యోగాల్లో కుదురుకున్నాక పాత విద్యార్థులం కలిసి గోల్ఫ్ సంఘం పెట్టుకున్నాం. ఆదివారం మాలో కొందరికి ఆరాధన ఉంటుంది కాబట్టి పోటీలన్నీ శనివారాలే పెట్టేవారు. అప్పట్లో బంతిని గుంటలోకి దొర్లించే చోట ఇప్పటిలా పచ్చగడ్డి ఉండేది కాదు, నూనె కలిపిన ఇసుక పరిచి ఉండేది. మధ్యాహ్నానికి ఆ నూనె వాసనా, కొలుముల పొగ వాసనా, షామియానా కింద ఉడుకుతున్న మాంసం వాసనా కలిసి ఒకే వాసనగా తగిలేవి. భోజనానికి ముందు ప్రార్థన నాది. ప్రార్థన అయ్యాక, వడ్డనకు ముందు, బెంచీ.

ఆ బెంచీ మా బడిదే. బడిలో కొత్త బల్లలు వేసినప్పుడు పాతవి పారేస్తుంటే మా అక్క భర్త, అంటే పెద్దబావ, ఒకదాన్ని లారీ మీద వేయించుకుని మైదానానికి తెచ్చాడు. ఆచారం కూడా ఆయన పెట్టిందే. పోటీలో ఆఖరున వచ్చినవాడు మెడకు బడి టై కట్టుకుని, రెండు చెవులూ పట్టుకుని ఆ బెంచీ ఎక్కాలి. కప్పు గెలిచినవాడు ఆ పూటకు హెడ్మాస్టరు. హెడ్మాస్టరు అడిగిన ప్రశ్నకు జవాబు చెబితేనే బెంచీ దిగి అన్నం తినాలి. గెలిచేది ఎక్కువగా పెద్దబావే. భుజాలు అలాంటివి, నోరూ అలాంటిదే. ప్రమోషన్ రానివాణ్ణి బాస్ పేరు చెప్పమనేవాడు, కొడుకు ఫెయిలైనవాణ్ణి ఎక్కం అప్పజెప్పమనేవాడు. అందరూ నవ్వేవారు, బెంచీ మీద ఉన్నవాడు కూడా. ఆయన ఎవరినైనా వదిలేశాడంటే వాడు మనవాడు కాదని లెక్క. అదే చేత్తో ఆయన ఎంతమందిని ఆసుపత్రికి మోశాడో, ఎంతమంది పిల్లలకు పని ఇప్పించాడో కూడా మేం చూశాం. అందుకే ఆ నోటిని భరించాం.

మా చెల్లెలి భర్త, చిన్నబావ, వయసులో నాకంటే కాస్త పెద్ద, ఆటలో అందరికంటే చిన్న. రైలు గార్డు గారబ్బాయి. చిన్నప్పటి నుంచి నత్తి. కుదురుగా ఉన్నప్పుడు మాట బాగానే నడిచేది, నలుగురి ముందు మాత్రం నాలుక అంటుకుపోయేది. రైల్వే ఇళ్ళల్లో పుట్టిన మాకు ఎక్కాల కంటే ముందు వచ్చేవి స్టేషన్ల పేర్లు. సెలవులకు సొంతూరు వెళ్ళే దారి కాబట్టి టాటానగర్ నుంచి విజయనగరం దాకా పెద్ద స్టేషన్లన్నీ నిద్రలో లేపినా చెప్పేవాళ్ళం. చిన్నబావ బెంచీ ఎక్కినప్పుడల్లా పెద్దబావ ప్రశ్న అదొక్కటే. చెవులు పట్టుకున్న మనిషి ఖరగ్‌పూర్ దగ్గర ఒకసారి తడబడి, బాలాసోర్ ఎలాగో దాటి, భద్రక్ దగ్గర పెదవులు అదురుతూ నిలిచిపోయేవాడు.

"ఏటి తమ్ముడూ, బండి భద్రక్‌లో ఆగిపోనాది? సిగ్నల్ పడ్నేదా?" అనేవాడు పెద్దబావ.

వెనకనుంచి ఇంకెవరో "అరే, ఇంజిన్ ఫేల్ హో గయా" అని అందుకునేవారు. బెంగాలీలు, పంజాబీలు, బిహారీలు, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నత్తి అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

ఒక ఏడు వానాకాలంలో చిన్నబావ తండ్రి పోయాడు. ఆ చలికాలం పోటీలో చిన్నబావ ఆడిన ఆట చూసిన ఎవరికైనా అతను ఆఖరవుతాడని తెలుసు. ఈసారికి వదిలేస్తారేమో అనుకున్నాం. పెద్దబావ వదల్లేదు. అతను ఎప్పటిలా భద్రక్ దగ్గర ఆగిపోగానే, "గార్డు కొడుకువి, నీకే లైను రాపోతే ఎలాగ్రా? మీ బాబొచ్చి పచ్చ జెండా ఊపితే గానీ కదలవేటి?" అన్నాడు. నవ్వు లేచింది, మధ్యలో కొంచెం తగ్గింది, మళ్ళీ పుంజుకుంది. చిన్నబావ కళ్ళనీళ్ళతోనే భద్రక్ అన్నాడు, విజయనగరం దాకా వెళ్ళాడు, దిగాడు. దిగినవాడు తిన్నగా వడ్డన బల్ల దగ్గరకు వెళ్ళి, మంచి మూలుగ ఎముక ఏరి, తెచ్చి పెద్దబావ పళ్ళెంలో వేశాడు. "తినండి అన్నయ్యా" అన్నాడు.

నాకు గుండె నిండిపోయింది. అంతకంటే గొప్ప క్షమను నేను వాక్యంలో చదివానేగానీ కంటితో చూడలేదు. ఆ తరవాతి ఆదివారం చర్చిలో నా సాక్ష్యం వంతు వస్తే, పేర్లు చెప్పకుండా ఆ సంగతే చెప్పాను. కొట్టినవాడికి అన్నం పెట్టిన చెయ్యి దేవుని చెయ్యి అన్నాను. స్త్రీలు కళ్ళు తుడుచుకున్నారు. చిన్నబావ మూడో వరసలో కూర్చుని, తల కొంచెం వంచి, శ్రద్ధగా విన్నాడు. ఏదో నేర్చుకుంటున్నవాడిలా విన్నాడు.

తరవాత చాలా కాలం గడిచింది. ఇసుక తీసేసి గడ్డి వేశారు, కొలుముల పొగ తగ్గింది, మేమంతా రిటైరయ్యాం. చిన్నబావ గోల్ఫ్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పెద్దబావకు మతిమరుపు మొదలైంది. మొదట బంతిని కొట్టిన దెబ్బలు లెక్కలో తక్కువ చెప్పేవాడు. గోల్ఫ్‌లో దెబ్బలు తక్కువైతేనే గెలుపు కాబట్టి, దొంగాట ఆడుతున్నాడని వెనక గుసగుసలాడారు. అది దొంగాట కాదని తెలిసినప్పుడు గుసగుస ఇంకా పెరిగింది. ఒకసారి బంతిని వెనక్కి, వచ్చిన దారినే కొట్టాడు. ఆయన ఒకప్పుడు బెంచీ ఎక్కించినవాళ్ళు అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూశాను.

ఆ చలికాలం పోటీకి ముందు మా అక్క నన్ను పిలిచి ఒక సంగతి చెప్పింది. రోజూ పొద్దున్నే వరండాలో టీ గ్లాసు పట్టుకుని బావ స్టేషన్ల పేర్లు వల్లిస్తున్నాడట. బంతి కొట్టడం సాధన చెయ్యమంటే వద్దన్నాడట. "ఎలాగూ ఆఖరు నేనే. ఆడలేను, నాకు తెల్సు. బెంచీ ఎక్కి గడగడా సెప్పెత్తే బుర్ర బాగానే ఉందని ఆల్లకే తెలుత్తాది" అన్నాడట. ఒక్కో రోజు కటక్ దాకా వచ్చి ఆగిపోయేవాడట; టీ చల్లారిపోయేదాకా ఆలోచించి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడట. చెల్లెలు మా అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు ఆ వల్లింపు విందట. చెల్లెలు విన్నదంటే చిన్నబావకు తెలిసిందన్నమాటే.

పోటీ రోజు పెద్దబావ ఆఖరున వచ్చాడు. కప్పు, జీవితంలో మొదటిసారి, చిన్నబావకు వచ్చింది. నా ప్రార్థన అయిందో లేదో, ఎవరూ పిలవకుండానే పెద్దబావ లేచాడు. జేబులోంచి టై తీశాడు, అక్క ఇస్త్రీ చేసి ఇచ్చినట్టుంది, మెడకు వేసుకున్నాడు. బెంచీ దగ్గరకు నడిచి, దాని మీద ఒక కాలు పెట్టి, హెడ్మాస్టరు వైపు తిరిగాడు. ఆయన మొహంలో పాత నవ్వు ఉంది. చెవి పట్టుకోవడానికి చెయ్యి కూడా ఎత్తాడు.

చిన్నబావ లేచి ముందు అందరితో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇది వేరే కాలపు ఆచారమనీ, మనం పెద్దవాళ్ళమయ్యామనీ, ముఖ్యంగా మనలో ఒకరి ఆరోగ్యం దృష్ట్యా దీన్ని ఈ రోజుతో ఆపేద్దామనీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు పెద్దబావ వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"దిగండి అన్నయ్యా. మీకొద్దులెండి. బుర్ర బాగోలేదు కదా, పాపం."

"నాను సెప్పగల్ను తమ్ముడూ. అడుగు" అన్నాడు పెద్దబావ.

"తెలుసు అన్నయ్యా. కూర్చోండి."

ఒక్క అక్షరం దగ్గరా అతను ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది ముందు అతను తడబడకుండా పలికిన మాటలు నేను వినడం అదే మొదటిసారి. ఎన్ని రోజులు, ఏ గదిలో తలుపేసుకుని వల్లించుకున్నాడో ఆ మాటల్ని.

పెద్దబావ బెంచీ మీది కాలు దించాడు. టై తీసి మడిచి జేబులో పెట్టుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చుట్టూ అందరూ ఆయన వైపు దయగా చూస్తున్నారు. ఆ మనిషిని అంత దయగా ఎవరూ ఎన్నడూ చూసి ఉండరు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నీళ్ళు కావాలేమోనని చెవి దగ్గరగా పెట్టాను. ఖరగ్‌పూర్, బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దారోడ్, బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం. ఒక్కటీ తప్పలేదు, ఒక్కచోటా ఆగలేదు. నేను తప్ప ఎవరూ వినలేదు. ఈలోగా చిన్నబావ వడ్డన బల్ల దగ్గరనుంచి మూలుగ ఎముక ఒకటి ఏరి తెచ్చి ఆయన పళ్ళెంలో వేశాడు.

"తినండి అన్నయ్యా" అన్నాడు.

ఆయన తినలేదు. మళ్ళీ మైదానానికి రాలేదు. వర్షాలు వచ్చేసరికి స్టేషన్లూ పోయాయి, మా అక్క పేరూ పోయింది. పోయిన ఏడు మనిషీ పోయాడు. సమాధి దగ్గర చిన్నబావ అందరికంటే ముందు నిలబడి, అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధమని నేను అనను. హృదయాలను పరిశోధించేవాడు వేరే ఉన్నాడు.

ఇప్పుడు మా గోల్ఫ్ సంఘంలో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మర్యాదస్తులు. ఓడినవాడికి కూడా ఒక బహుమతి ఇస్తారు, నా మోకాలు ఎలా ఉందని అడిగి, జవాబు వినకుండానే ఫోను చూసుకుంటారు. ఎవరైనా రావడం మానేస్తే ఎందుకు మానేశాడని ఆరా తీసేవాడు లేడు. ఆ మోటు నోళ్ళు కావాలని నేను దేవుణ్ణి అడగలేను, అవి ఎంతమందిని కాల్చాయో చూసినవాణ్ణి. అయినా ఆ షామియానా కింద లేచిన నవ్వుల్లో మనిషిని మనిషి పట్టుకుని ఉండే పట్టు ఒకటి ఉండేది. అది ఇప్పటి దండాల బొమ్మల్లో ఎంత వెతికినా నాకు కనిపించదు.

శనివారం ప్రార్థనకు మాటలు కూర్చుకుందామని రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుంటున్నాను. కృతజ్ఞత గురించి మొదలుపెడతాను, క్షమ అన్న మాట దగ్గరకు వస్తాను, నాలుక అంటుకుపోతుంది. తరవాత నోట్లోకి వచ్చేది ఖరగ్‌పూర్. దాని వెనకే మిగిలినవన్నీ వరసగా వస్తాయి, ఒక్కటీ ఆపలేను. విజయనగరం వచ్చాక గానీ ఆమేన్ అనలేకపోతున్నాను.