నొక్కుడు వదిన ఎర్రకట్టు

ఆవిడకున్నది ఒకటే జబ్బు, కంటబడ్డ ప్రతిదాన్నీ నొక్కెయ్యడం. అందుకే తమ్ముడి భార్యకే కాదు, వీధి వీధంతటికీ ఆవిడ నొక్కుడు వదిన. బట్టల మిల్లులో గుడ్డను అదిమి బేళ్ళు, అంటే పెద్ద మూటలు, కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసి రిటైరయింది. మిల్లు ఆవిణ్ణి వదిలింది గానీ ఆవిడ ప్రెస్సును వదల్లేదు. బొంతల మీద కూర్చుని, గాలంతా పోయాక తాడేసి కట్టేది. ప్రయాణమంటే పెట్టె మూత మీదెక్కి నిలబడేది. అవతలి ఊళ్ళో ఆ పెట్టె తెరిస్తే బట్టలు లేచి మొహాన కొట్టేవి.

తమ్ముడి భార్య దర్జీ. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ అయ్యాక ఆమె కుడిచెయ్యి వాచిపోయి, కత్తెర పిడిలో వేళ్ళు దూరడం మానేశాయి. ఇది పూర్తిగా పోయే వాపు కాదని, మందులతో తగ్గేదీ కాదని, రోజూ పట్టీ చుట్టి చేతిని ఒత్తిడిలో ఉంచాలని డాక్టరు చెప్పాడు. దాన్నే కంప్రెషన్ అంటారన్నాడు. ఆ మాటతో దర్జీకి బతుకు మీద ఆశ చచ్చిపోయింది. పక్కనున్న వదిన మాత్రం కుర్చీలో నిటారుగా సర్దుకుంది. ఇన్నేళ్ళూ తాను చేసింది వైద్యమేనన్నమాట.

"ఇక నాకు వదిలెయ్యండి డాక్టరుగారూ," అంది.

ఇంటికొచ్చి అచ్చం బేలు కట్టినట్టే కట్టింది. బేలుకు నడుం దగ్గర బిగువెక్కువ ఉండాలి గనక, మోచేతి దగ్గర బలమంతా పెట్టి లాగింది. కాసేపటికే దర్జీ వేళ్ళు నేరేడుపళ్ళయ్యాయి. ఫిజియోథెరపిస్టు ఆ పట్టీ విప్పి, బిగువు వేళ్ళ దగ్గర ఎక్కువుండి పైకి పోయేకొద్దీ తగ్గాలని, అప్పుడే నీరు పైకి పోతుందని, మనిషి చెయ్యి మూట కాదని కడిగేసింది. వదిన ఆ పట్టీ అందుకుని, మళ్ళీ మొదట్నుంచి చూపించమంది.

ఆ తర్వాత ఇంట్లో కట్టు లేని వస్తువు లేదు. కుర్చీ కాళ్ళు, బల్ల కాళ్ళు, చీపురు పిడి, అన్నిటికీ పట్టీలే. చివరికి తన కుడిచేతికే కట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. బిగువు తెలియాలంటే తానే అనుభవించాలట. అదైనా మామూలు కట్టా? దర్జీ గుడ్డముక్కల్లోంచి ఏరిన ఎర్రటి ఎరుపు, పక్కవీధికి కూడా కనబడేంత. తమ్ముడు తల పట్టుకున్నాడు.

వదినకు కట్టడం వచ్చింది. వాపు కొంత తగ్గింది. కత్తెర మాత్రం చేతికి రాలేదు.

వాళ్ళిద్దరూ వారం వారం క్లినిక్కుకు బస్సులో వెళ్ళేవారు. ఎక్కడమే ఆలస్యం, జనం చేతికేమైందని వదినను చుట్టుముట్టేవారు. ఒకసారి మేడ మెట్ల మీంచి పడ్డానంది. ఒకసారి కుక్క కరిచిందంది. ఇంకోసారి కుక్కను తానే కరవబోతే అది తిరగబడిందంది. దర్జీ పొడుగు చేతుల చొక్కాలో తన కట్టు దాచుకుని కిటికీ వైపు తిరిగేది. ఈ పిచ్చిమనిషి పక్కన కూర్చోవడం కూడా తన ఖర్మే అనుకునేది.

ఒక వారం వదినకు జ్వరమొచ్చి, దర్జీ ఒక్కతే వెళ్ళింది. చొక్కా చేతిలోంచి పట్టీ కొస కనబడి, చేతికేమైందని కండక్టరు అడిగాడు. వెనక సీటాయన అడిగాడు. పక్కావిడ సంగతి గ్రహించి, ఆ జబ్బుతో తన చుట్టాల్లో పోయినవాళ్ళ కథలన్నీ వరసగా వినిపించింది. బస్సు దిగాక దర్జీకి క్లినిక్కుకు వెళ్ళాలనిపించలేదు, ఇంటికి వెళ్ళాలనిపించలేదు, అసలు బతకాలనే అనిపించలేదు. క్లినిక్ మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే అప్పుడు తట్టింది, ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నలన్నిటికీ ఎవరు అడ్డం నిలిచారో.

ఇంటికొచ్చేసరికి వదిన కట్టు విప్పి పడుకుని ఉంది. ఆ చెయ్యంతా చెమటకాయలు, గోకిన గీతలు.

"కట్టడం ఎప్పుడో వచ్చేసిందిగా. ఇంకా ఇదెందుకు వదినా?"

"జనం ఎవరో ఒకర్ని అడక్క మానరమ్మా. నా దగ్గరైతే బోలెడు అబద్ధాలున్నాయి. నీ దగ్గరున్నది నిజం ఒక్కటే."

దర్జీ ఏడుస్తూనే ఆ చెమటకాయలకు పౌడరు రాసింది. తన చెయ్యి ఇక ఎప్పటికీ మామూలు అవదని ఆమెకు తెలుసు, వదినకూ తెలుసు. చివరికి, ఎండలు మండిపోతున్నాయని, ఇక ఆ ఎర్రగుడ్డ మానెయ్యమని బతిమాలింది.

"కుదరదు. వచ్చే వారానికి మొసలి కథ తయారుచేసి పెట్టుకున్నాను," అంది వదిన.

దర్జీకి ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది.

"మొసలి మీ చెయ్యి పట్టుకున్నప్పుడు నేనెక్కడున్నాను వదినా?"

"ఇంకెక్కడ, నా రెండో చెయ్యి పట్టుకుని ఒడ్డుకు లాగుతున్నావు."