ఎడమ తలుపు మీద అయస్కాంతం

నేను ఎవరినీ తొందరగా నమ్మను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న మాట. పెట్రోలు బంకులో మీటరు సున్నాకు వచ్చిందో లేదో బండి దిగి మరీ చూస్తాను. మందుల షాపులో గడువు తేదీ షాపాయన చదివి చెబితే ఊరుకోను, కళ్ళద్దాలు పెట్టుకుని నేనే చదువుతాను. ముప్పై ఏళ్ళు జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు చెప్పి, పరీక్ష గదుల్లో చీటీలు పట్టి పట్టి ఈ గుణం ముదిరిందని మా ఇంటామె అంటుంది. పుట్టుకతోనే వచ్చిందని నా అనుమానం.

రిటైరైన ఏడాది పులివెందులలో ఒక పాత కారు కొన్నాను. రాతి గనుల ఆసామి ఒకాయన ఎప్పుడో మద్రాసు నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఇద్దరే పడతారు. గట్టి పైకప్పు లేదు, తలుపులకు అద్దాలు కూడా లేవు. ఆయన పోయాక కొడుకులు దాన్ని గోడౌన్లో వేరుశనగ పొట్టు బస్తాల వెనక పడేశారు. ఇంకొన్నాళ్ళు ఆగితే పాత ఇనుము కింద పోయేది. పిల్లలు లేని ఇల్లు, పెన్షన్ వస్తుంది, ఈ ఒక్క పిచ్చి పని చేసుకోనివ్వమని మా ఇంటామెను బతిమాలుకున్నాను.

కొనేముందు ఆ కారు గురించి దొరికినంత చదివాను. ఒళ్ళంతా ఇనుప రేకే కానీ, బరువు తగ్గడానికి బానెట్టు, డిక్కీ మూత, రెండు తలుపులు మాత్రం అల్యూమినియంతో చేశారట. కాబట్టి పులివెందుల వెళ్ళేటప్పుడు జేబులో నా దండాయస్కాంతం పెట్టుకున్నాను. స్కూలు ల్యాబులోదే, కానీ నా సొంత డబ్బుతో కొన్నది. ఎర్ర రంగు సగం ఊడిపోయింది. గోడౌన్లో ఎవరూ చూడకుండా కారు చుట్టూ తిరిగి ఆనించాను. మడ్‌గార్డులకు అంటుకుంది. బానెట్టు, డిక్కీ, కుడి తలుపు, ఎడమ తలుపు, నాలుగింటి మీదా జారిపోయింది. నాలుగూ అసలువే. మా నాయన ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. ఆయనకు గీటురాయి ఎట్లాగో నాకు అయస్కాంతం అట్లాగని ఆ రోజు చాలా మురిసిపోయాను.

కారును లారీకెక్కించి, వేంపల్లె, వీరపునాయునిపల్లె మీదుగా ప్రొద్దుటూరు చేర్చాను. అక్కడ మైదుకూరు రోడ్డులో ఒక టింకరింగ్ షెడ్డు ఉంది. దాని యజమాని యాభై దాటిన ముస్లిం. కువైట్‌లో పాత కార్ల గ్యారేజీలో ఇరవై ఏళ్ళు రేకుల పని చేసి, ఈ మధ్యే తిరిగొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. ఆయన ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలు మడిచి కుడి తలుపు మీద కొట్టాడు. ఎడమ తలుపు మీద కొట్టాడు. మళ్ళీ కుడి తలుపు దగ్గరకు వెళ్ళి కొట్టాడు.

"ఏంది, ఏమైనా ఉందా?" అన్నాను.

"ఏం లే సార్. దీని పైన ఎవురెవురో ఏందేందో మోపినారు. అంతా ఇప్పేసి బరువు దింపితే గానీ ఇది పరిగెత్తదు."

ఆ మాట నిజమే. చెక్క ఫ్లోరు ఉండాల్సిన చోట గనిలో వాడే ఇనుప పలక వెల్డింగ్ చేయించి పెట్టారు. వెనక సామాన్ల కేరియర్, ముందు లారీకి పెట్టేంత బంపరు. కడప జిల్లా ఎండలో తిరిగే కారుకు లోపల హీటరు! ఆయన ఒక్కొక్కటే ఊడదీసి, కాటా మీద పెట్టి, బరువును సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు. ఉంచక తప్పని బ్రాకెట్లకు కూడా వరసగా రంధ్రాలు వేసి తేలిక చేశాడు. "బలం తగ్గకుండా బరువు తగ్గాల సార్, అదే పని" అనేవాడు. ఇవన్నీ నేను స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని చూశాను. రోజూ పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కడం, సాయంత్రం దాకా ఆ స్టూలు మీదే. "ఈడ దుమ్ము సార్, ఆ ఫ్యాను కింద కూర్చోండి" అని ఆయన రెండు మూడు సార్లు చెప్పాడు. నేను కదల్లేదు. ఫ్యాను కింద నుంచి ఆయన చేతులు కనబడవు.

ఇట్లా కూర్చోవడం నాకు కొత్త కాదు. ప్రొద్దుటూరులో బంగారం ఇచ్చినవాళ్ళు వస్తువు తయారయ్యేదాకా అవుసలాయన ఎదురుగా కూర్చుంటారు. మా నాయన కుంపటి ముందు వంగి ఊదుతుంటే, ఎదురుగా చాప మీద ఎవరో ఒకరు రెప్ప వేయకుండా ఆయన వేళ్ళనే చూస్తుండేవారు. పని అయ్యాక నాయన లేచి నిలబడి పంచె దులిపేవాడు. నీళ్ళ పళ్ళెంలో చేతులు కడిగి, రెండు అరచేతులూ తెరిచి వాళ్ళకు చూపించేవాడు. ఆ తర్వాతే వస్తువు ఇచ్చేవాడు. చిన్నప్పుడు అదీ పనిలో భాగమే అనుకున్నాను. బంగారం ఇచ్చినప్పుడు దండం పెట్టడం లాంటిదనుకున్నాను. అది ఏమీ దాచుకోలేదని రుజువు చూపడమని తెలిసేసరికి నాకు పద్నాలుగేళ్ళు. ఆ రోజే ఈ పని నేర్చుకోనని ఇంట్లో చెప్పేశాను.

ఇంత తెలిసినవాణ్ణి స్టూలు మీద ఎందుకు కూర్చున్నానంటే, ఏం చెప్పను? నాకు అనుమానం.

అనుమానానికి కావలసినవన్నీ దొరికాయి కూడా. ఊడదీసిన సామాన్లు కొన్ని పరదా వెనక పెట్టేవాడు. ఫోను వస్తే లేచి బయటకు పోయి ఉర్దూలో మాట్లాడేవాడు. ఒకరోజు ఆ మాటల్లో "బెంగుళూరు" అనీ, రెండుసార్లు "దర్వాజా" అనీ వినబడింది. ఈ కార్ల అల్యూమినియం తలుపులకు బెంగుళూరులో ఎంత గిరాకీ ఉందో నేను చదివే ఉన్నాను. ఆ మరుసటి రోజే ఆయన అన్నాడు:

"సార్, ఒక వారం రావద్దండి. రంగు లేపే మందు పూస్తాండా. ఆ వాసన మీకు పడదు, శానా ఘాటు."

వారమా? ఐదో రోజునే వెళ్ళాను, అదీ మధ్యాహ్నం నమాజు వేళ చూసుకుని. షెడ్డులో ఎవరూ లేరు. కారు రంగంతా పోయి బోడిగా నిలబడి ఉంది. అయస్కాంతం తీశాను. బానెట్టు మీద జారింది. కుడి తలుపు మీద జారింది. ఎడమ తలుపుకు ఆనించగానే టక్కున అంటుకుంది.

ఒళ్ళు మండిపోయింది. తలుపు మార్చేశాడు! అయస్కాంతాన్ని అట్లాగే తలుపుకు వదిలేసి, నేరుగా బంగారు అంగళ్ళ వీధికి నడిచాను. అక్కడ నాతో చదువుకున్న ఒకతనికి నగల షాపు ఉంది. వాళ్ళ నాయన వాడిన పాత కారును బాగు చేయించడానికి ఈ మేస్త్రీకే ఇస్తానని నా ముందే మాటిచ్చి ఉన్నాడు. "ఆ పని వస్తే షెడ్డు నిలబడతాది సార్. మళ్ళా కువైట్‌కు పొయ్యే పని ఉండదు" అని మేస్త్రీ నాతో ఎంత సంబరంగా చెప్పాడో గుర్తుంది. గుర్తుండే చెప్పాను. కౌంటరు ముందు నలుగురు గిరాకీలు ఉండగా చెప్పాను.

"తలుపు మార్చినాడు. అల్యూమినియం తీసి ఇనుము పెట్టినాడు."

"నిజమా అప్పా?"

"అయస్కాంతం పెట్టి చూసినా."

ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. బంగారం బజారులో లోహం మార్చినాడన్న మాటకు రెండో సాక్ష్యం అవసరం లేదు.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్ళేసరికి మేస్త్రీ నా స్టూలు తుడిచి పెట్టి ఉన్నాడు. అయస్కాంతం తలుపు మీదే ఉంది. మాట రాత్రికే ఆయనకు చేరిందని ముఖం చూస్తే తెలిసింది. కోప్పడలేదు. పరదా వెనక నుంచి ఒక గోనెసంచి తెచ్చి నా ముందు విప్పాడు. అందులో పుట్టీ పెళ్ళలు, కొన్ని వేలెడు మందం. ఒకవైపు కారు ఎరుపు రంగు అట్లాగే ఉంది. రెండోవైపు తుప్పు మరకలు.

"ఈ తలుపు ముందు నుంచీ ఇనుముదే సార్. ఎప్పుడో గుద్దుకుని అసలుది పోయింటాది. ఎవురో జీపు రేకు కొట్టి తగిలిచ్చి, వంకర కనపడకుండా పైన పుట్టీ మెత్తినారు."

పెద్ద పెళ్ళ ఒకటి ఏరి తలుపు మీద దాని చోట్లో ఆనించి పట్టుకున్నాడు. గీతకు గీత కలిసింది. అయస్కాంతం ఊడబెరికి నా చేతికిచ్చి, "పెట్టండి సార్" అన్నాడు. పెట్టాను. జారి కింద పడింది. పెళ్ళ తీశాడు. ఆయనే వంగి అయస్కాంతం తీసుకుని తలుపుకు ఆనించాడు. టక్.

ఇది నా పాఠం. ఎనిమిదో తరగతికి ఏటా చెప్పిన పాఠం. అయస్కాంతానికీ గుండుసూదులకూ మధ్య అట్ట ముక్కలు ఒక్కొక్కటే పెంచుతూ పోతే కాసేపటికి సూదులు రాలిపోతాయి. ముప్పై బ్యాచ్‌లకు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. పులివెందులలో మాత్రం, ఏం కావాలో ముందే చదువుకుని వెళ్ళాను గనక అదే కనబడింది.

"మొదటి దినమే కొట్టి చూసినప్పుడు సద్దు తేడా వచ్చింది. అందుకే అసలు దర్వాజా దొరుకుతాదేమోనని బెంగుళూరోళ్ళను అడుగుతాంటి" అన్నాడు.

"ముందే నాకు చెప్పుండొచ్చు గదా?"

"చెప్తే నమ్మేటోళ్ళా సార్? గీకి చూపిద్దాం అనుకున్యా. ఈ పెళ్ళలన్నీ అందుకే దాచిపెట్టినా."

 తలుపుకున్న అయస్కాంతాన్ని తీసి ఆయన తన చొక్కా జేబులో వేసుకుని పనిలోకి దిగాడు. ఆ రోజు నేను స్టూలు మీద కూర్చోలేదు, ఆ తర్వాత ఎప్పుడూ కూర్చోలేదు.

నగల షాపుకు పరిగెత్తాను. తప్పు నాదని ఆ కౌంటరు ముందే గట్టిగా చెప్పాను. నా మిత్రుడు నవ్వాడు.

"నువ్వు చెప్తివి, నేను ఇంకో పదిమందికి చెప్తిని. ఇప్పుడు కాదంటే ఎవురింటారప్పా? ఆయప్ప నీకేదో నచ్చజెప్పినాడు అంటారు. మా కారు పొద్దున్నే కడపకు పంపించేస్తి."

టీ అంగట్లో చెప్పాను. విడిభాగాల షాపుల్లో చెప్పాను. నేను చెప్పే కొద్దీ "తలుపు మార్చిన షెడ్డు" అన్న పేరు మళ్ళీ మళ్ళీ నలిగింది తప్ప పోలేదు. చివరికి నోరు మూసుకున్నాను.

నా కారు పని మాత్రం ఆయన ఏ లోటూ లేకుండా పూర్తి చేశాడు. బెంగుళూరులో తలుపు దొరకలేదు. అల్యూమినియం రేకు తెప్పించి, కుడి తలుపును చూస్తూ సుత్తితో కొట్టి కొట్టి ఎడమ తలుపు తయారు చేశాడు. చెక్క ఫ్లోరు వేశాడు. కారు ఎంత తేలికైందంటే, ఇద్దరం చెరోవైపు చెయ్యి వేసి తోస్తే షెడ్డులోంచి దానంతటది బయటికొచ్చినట్టు వచ్చింది. దాన్ని గండికోట ఘాటు మీద ఎక్కించాలని ఎన్ని నెలలుగా కలలు కన్నానో! ఆ క్షణంలో అది నాకు గుర్తు కూడా రాలేదు. షెడ్డు సగం ఖాళీగా ఉంది. గోడ మీద నా కారు బరువుల లెక్క తప్ప ఇంకో బండిది లేదు.

"వచ్చే నెల పోతాండా సార్, కువైట్‌కు. పాత సేటే రమ్మన్నాడు" అన్నాడు తాళంచెవి తీస్తూ.

ఇవ్వబోయి ఆగాడు. తాళంచెవి బానెట్టు మీద పెట్టాడు. పనిలో నడుముకు ముందు కట్టుకునే పాత గుడ్డను విప్పి దులిపాడు. ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు.

"ఏంది ఇది? వద్దు, వద్దప్పా" అన్నాను.

"ఆడ దినామూ గేటు కాడ ఇట్లే చూపిచ్చి బయటికొస్తాంటిమి. మళ్ళా అలవాటు చేసుకోవాల గదా సార్."

ఆఖరున చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. రెండు అరచేతులూ తెరిచి నా ముందు చాపాడు. ఒకటి ఖాళీ. రెండో దాంట్లో ఎర్ర రంగు సగం ఊడిపోయిన నా అయస్కాంతం ఉంది.

"మీది ఈ ఒక్కటే నా కాడ ఉండిపాయె సార్" అన్నాడు.