చంద్రమౌళిగారి షంటింగు

చంద్రమౌళిగారికి ఉన్నది ఒక్కటే జబ్బు: ఏ వస్తువునీ ఉన్నచోట ఉండనివ్వరు. బిలాస్‌పూర్ యార్డులో బండిపెట్టెల్ని ఈ లైన్లోంచి ఆ లైన్లోకి మార్పించే షంటింగు పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు గానీ, ఆ రిటైర్మెంటు ఆర్డరు ఆయన చేతులకి ఇంకా అందలేదు. నెహ్రూ నగర్ ఇంట్లో పొద్దున సోఫా వరండాలోకి వెళ్తుంది, మధ్యాహ్నం ఫ్రిజ్ హాల్లోకొస్తుంది. పక్కింటి స్కూటరు ఏ పూట ఏ గోడ పక్కన ఉంటుందో దాని సొంతదారుకే తెలియదు.

"ఏటండీ, పోపులపెట్టెని మళ్ళీ ఎక్కడికి తోలీసారు?" అని భార్య మంగాయమ్మగారు వంటింట్లోంచి కేకేశారు.

"దేవుడి గూట్లో ఖాళీ ఉంటే అక్కడ పెట్టేను."

అలాంటి ఇంట్లో కూర్చుని మనవరాలు తనూజ ఆ ఆదివారం సాయంత్రం కాలేజీ గేమింగ్ పోటీ ఫైనల్ ఆడాలి. జట్టుకి కెప్టెన్ తనే. తీరా చూస్తే ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది. శత్రువు ఎదురుపడగానే బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్ళీ కదిలేసరికి తనూజ చచ్చి పడుంటుంది.

తాతగారు ఊరుకుంటారా? ల్యాప్‌టాప్‌ని బల్ల మీంచి కిటికీలోకి, కిటికీలోంచి ఫ్రిజ్ మీదికి మార్చారు.

"అరే తాతా, చోటు మారిస్తే ఏం కాదు! ర్యామ్ సరిపోవట్లేదు. ఆటకి కావలసిన సామానంతా ర్యామ్‌లో ఉండాలి. అది నిండిపోతే మాటిమాటికీ డిస్క్‌లోంచి తెచ్చుకోవాలి. ఇసీలియే అటక్ రహా హై, అందుకే ఇలా ఆగిపోతోంది."

"అచ్ఛా! యార్డులో లైన్లు చాలక బళ్ళు ఔటర్లో ఆగిపోతన్నాయన్నమాట. ఏటి చెయ్యాలి మరి?"

"ఖాళీ స్లాట్ ఉంది, ఇంకో ర్యామ్ పెట్టాలి. దుకాణాలన్నీ బంద్. ఆర్డర్ పెట్టాను గానీ ఎల్లుండికి గానీ రాదు. మా జట్టు పనైపోయింది!"

తనూజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాతగారు గదిలోంచి మాయమై, కాసేపటికి చొక్కా జేబులో ర్యామ్ ముక్కతో ప్రత్యక్షమయ్యారు.

"నది అవతల సర్కండాలో మా యార్డు గిరిబాబు దగ్గర ఊరికే పడుంటే తెచ్చేను."

చెప్పులు కూడా వేసుకోకుండా నది దాటి ఎలా వెళ్ళొచ్చారని అడిగే తీరిక తనూజకి లేదు. ల్యాప్‌టాప్ అడుగు స్క్రూలు విప్పి ముక్కని స్లాట్‌లో నొక్కింది. రకం సరిగ్గా సరిపోయింది. బొమ్మల అందం ఏమీ పెరగలేదు గానీ, బిగుసుకుపోవడం పోయింది. జట్టు చచ్చీచెడీ గెలిచింది.

ఆ కబురు చెప్పడానికి తాతగారి గదిలోకి పరిగెత్తింది. యార్డు వదిలాక ఆయనకి కాలక్షేపం సొంత ల్యాప్‌టాప్‌లో ఆడుకునే రైలు ఆటే. ఇప్పుడు దాంట్లో బండి ఓ అడుగు వేస్తోంది, ఆగుతోంది. పక్కన సాసర్లో విప్పిన స్క్రూలు.

"తాతా! నీదాంట్లోంచి తీసేశావా?"

"తియ్యలేదే. షంటింగు చేసేను."

"ఫైనల్ అయిపోయింది, ఇప్పుడే తిరిగి పెట్టేస్తా."

"వద్దు, నీ దగ్గరే ఉంచు. ఎల్లుండొచ్చేదే నాకెయ్యి. తొందరేటి?"

తొందరేటి అన్న మాట ఆ నోట రావడం తనూజ పుట్టాక అదే మొదటిసారి. ఆమెకి నవ్వూ, ముద్దూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. చంద్రమౌళిగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, బండి ఎప్పుడు కదులుతుందా అని బుద్ధిగా చూస్తున్నారు.