ముత్తమ్మ కథకు ఊకొట్టిన గొంతు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసి టీ తాగడానికి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది కుసుమంచి. ఇంగ్లిష్ విభాగంలో భాషాశాస్త్రం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కోయ భాషలో కథ చెప్పేవాళ్లు ఎక్కడ ఆగుతారు, ఎందుకు ఆగుతారు అన్నది నా అంశం. ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊళ్లో ముత్తమ్మ అనే ముసలామె చెప్పే పొడుగాటి కథ ఒకటుంది. చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. అది లేకపోతే నా థీసిస్‌లో ఒక అధ్యాయమే లేదు.

బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. ముత్తమ్మ కోడలు సీత అడవికి పోయింది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే. నా గొంతు రికార్డింగులో పడకూడదు కాబట్టి ఊకొట్టనని, తల ఊపుతానని చెప్పాను. ఆమెకు చూపు సరిగా ఆనదు.

“ఊకొట్టకుంటే కత ఎట్ల నడుస్తది బిడ్డా?” అంది.

కాస్త చెప్పడం, ఆగిపోవడం. నాకు చిరాకేసింది. ఒట్టి చేతులతో తిరిగిపోవాలేమోనని భయం కూడా వేసింది. తర్వాత ఏమైందో గానీ హాయిగా చెప్పుకుపోయింది. అలవాటు పడిందిలే అనుకున్నాను.

ఖమ్మం వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మొదట తడబడిన కాసేపు దాటాక, ఆమె ఆగిన ప్రతిచోటా ఒక మగగొంతు “ఊఁ” అంటోంది. తాపీగా, చాలా దగ్గరనుంచి.

మా గైడ్ మేడమ్ విని, “ఆ రెండో మనిషెవరో కనుక్కో. ఆయన ఒప్పుకోకుండా ఈ కథ వాడడానికి వీల్లేదు” అన్నారు.

మళ్లీ వెళ్లాను. సీత తునికాకు కట్టలు కడుతోంది. వినిపిస్తే ఆమె చేతులు ఆగిపోయాయి.

“మా మామ గొంతు గిది. నీకెక్కడిదక్కా?”

అంటే ముత్తమ్మ భర్త. కిందటి వానాకాలంలోనే చనిపోయాడు. బతికున్నన్నాళ్లూ ముత్తమ్మ కథలకు ఊకొట్టింది ఆయనేనట. నేను ఆ ఊళ్లో అడుగుపెట్టిందే ఈ ఎండాకాలం. పాత రికార్డింగు ఏదైనా కలిసిందనుకుందామంటే ఆ రికార్డర్ కొత్తది.

ముత్తమ్మ ఆశ్చర్యపోలేదు. ఆ గొంతు తీసేస్తే తప్ప కథ వాడుకోలేనని చెబితే నా చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు బిడ్డా. ఆయన ఊకొట్టబట్టే చెప్పిన. ఆకరిదాక విన్నవా?”

వినలేదు. కథ అయిపోగానే వినడం ఆపేశాను. ఆ తర్వాత ఉండేది ఎప్పుడూ నేనడిగే ప్రశ్నే కదా అనుకున్నాను. అక్కడే కూర్చుని ఆ కాస్తా వినిపించాను.

“ఈ కథ నా పరిశోధనలో వాడుకోవచ్చా?” అని నా గొంతు.

“అవ్ బిడ్డా” అని ముత్తమ్మ.

కాస్త ఆగి, “ఊఁ.”

సీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముత్తమ్మ మళ్లీ వినిపించమంది. వినిపించాను.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కథ థీసిస్‌లో ఉంది. రెండో మనిషి ఒప్పుకున్నాడని మేడమ్‌తో చెప్పాను. అది అబద్ధమని మాత్రం అనుకోలేకపోతున్నాను.