బొమ్మకు కప్పిన పైట

ఊరంతా క్రేన్లు లేస్తున్న రోజులవి. ఐర్లండ్‌లోని కార్క్‌లో మా ఆయన ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే నాకు ఇంట్లో తోచేది కాదు. మంగళవారం సాయంత్రాలు బొమ్మలు గీసే క్లాసులో చేరాను. అక్కడ మనుషుల్ని బట్టల్లేకుండా కూర్చోబెట్టి గీయిస్తారని ఆయనకు చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే.

ఆ ఏడాది మాకు కూర్చున్నది రిటైరైన నర్సమ్మ. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది గానీ, మచ్చ మాత్రం దాచకుండా గీయమని ఆవిడే అడిగింది. ఆపరేషన్ తర్వాత తనను డాక్టర్లు తప్ప ఎవరూ తేరిపార చూడలేదట. నేను బొగ్గుతో గీసింది కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. మా క్లాసు బొమ్మలు లైబ్రరీలో పెడుతున్నారంటే, శనివారం చెల్లెల్ని తీసుకొచ్చి చూపిస్తానంది.

గురువారం లైబ్రరీ నుంచి ఫోన్. పిల్లలు తిరిగే చోట ఇదేమిటని ఎవరో ఫిర్యాదు చేశారట, నా బొమ్మకు ఖాకీ కాగితం చుట్టేశారు. పరుగెత్తాను. లైబ్రరీకి ఎదురుగా బస్‌స్టాపులో లోదుస్తుల ప్రకటన, నిలువెత్తు పిల్ల. దాని కిందే బడిపిల్లలు బస్సు కోసం నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన మాత్రం తక్కువా? ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళు హాలు అద్దెకు తీసుకుని, ఎనిమిదేళ్ళ పిల్లల చేత వానపాటకు నడుములు తిప్పిస్తుంటే ముందు వరసలో ఈలలు వేసిన మనిషి. మన గుళ్ళ గోడల మీద ఏమున్నాయో తెలియనివాడూ కాదు. బొమ్మ ఇంటికి తెస్తే తల పట్టుకున్నాడు.

"డాక్టరు గారి పెళ్ళాం ఇట్టాంటియ్యి గీసిందంటే మనోళ్ళలో నేను తలెత్తుకోగలనా? ఓ చీర కట్టెయ్ దానికి, గొడవ వదిలిపోద్ది."

తిట్టుకుంటూనే కట్టాను. శనివారానికి గోడ మీద ఏదో ఒకటి ఉండాలన్న ఆత్రం. రంగు సుద్దలతో, చేతికి అలవాటైనట్టే, పైట ఎడమ భుజం మీదుగా వేశాను. మచ్చ పూర్తిగా కప్పుకుపోయింది. లైబ్రరీ ఆవిడ గ్రాండ్ అని మురిసిపోయి, ఈసారి తలుపు పక్కనే తగిలించింది.

శనివారం నర్సమ్మ లిప్‌స్టిక్ వేసుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నా బొమ్మ ముందు ఆగి చీర చాలా బాగుందంది, మీ అమ్మగారా అని అడిగింది. తర్వాత గోడలన్నీ వెతికి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

"మరి నాదెక్కడ పెట్టావు?"

ఇదే అని చెప్పే ధైర్యం లేకపోయింది. తీసేశారన్నాను.

"పోనీలే, అనుకుంటూనే ఉన్నాను," అంది, కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుంటూ.