కర్నూలుకు వెళ్ళినవాళ్ళు

సామ్సన్ చేతిలో ఉన్నవి నలభై ఎనిమిది చోట్లు. ఆదోనిలో ఆ డయాలసిస్ కేంద్రంలో ఎనిమిది మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. సోమ, బుధ, శుక్రవారాల వాళ్ళు ఒక జట్టు, మంగళ, గురు, శనివారాల వాళ్ళు ఇంకో జట్టు. ఎట్లా లెక్కవేసినా నలభై ఎనిమిది మందే. కొత్త మనిషికి ఫోన్ చేసి రమ్మనాలంటే, ఉన్నవాళ్ళలో ఒకరు పోవాలి. ఆ ఫోన్లు చేసే ఉద్యోగం సామ్సన్‌ది.

వాళ్ళ నాయన పత్తి మార్కెట్లో హమాలీ. సామ్సన్ ఇంటర్ అయ్యాక ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసులో సీట్లు రాసేవాడు. "ఆడ సీటు లేదంటే తిట్టిపోయేటోళ్ళు సార్. ఈడ తిట్టను గూడ తిట్టరు. మల్లా రేపు ఫోన్ చేస్తారు" అన్నాడు నాతో ఒకసారి.

మా ఆవిడ శాంతాబాయిది మంగళవారం జట్టు, రెండో షిఫ్టు. మూడేళ్ళు ఆమె లోపల పడుకుంటే, నేను వరండా బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. చదివిన పేజీలకంటే విన్న మాటలే ఎక్కువ.

కేంద్రం తెరిచిన మొదటి ఏడాదే పెద్దకడుబూరు తిరుపాల్ చనిపోయాడు. ఆ సంగతి తెలిసి, అతని బెడ్డు ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇద్దరు ముగ్గురు భయపడి వారమంతా రానేలేదు. మిషను ఎందుకు ఖాళీగా ఉందని హైదరాబాదు నుంచి కేంద్రం నడిపే కంపెనీవాళ్ళు రోజూ అడిగారు. ఆ తర్వాత ఇంకొకరు పోయినప్పుడు సామ్సన్ లోపలికి వెళ్ళి, "కర్నూలుకు మార్చుకున్నారు, ఆడ బంధువులుండారంట" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తిరుపాల్ చావు సంగతి తెలిసినవాళ్ళు కూడా ఒక్కొక్కరే 'కర్నూలుకు వెళ్ళాక', తిరుపాల్ కూడా వెళ్ళినవాళ్ళలో కలిసిపోయాడు. కంప్యూటర్లోనూ సామ్సన్ అందరికీ బదిలీ అనే రాసేవాడు.

అట్లా పది మంది వెళ్ళారు. లోపల పడుకున్నవాళ్ళకు కర్నూలు మీద ఆశ పుట్టింది. అక్కడ కొత్త మిషన్లట, సూది నొప్పే తెలియదట. ఆదోని దేవక్క నవ్వేది: "పోయినోళ్ళు ఒక్కరన్నా ఫోన్ చెయ్యరు సూడు. అంత సుకమేమో!"

సామ్సన్ ఆ నవ్వు విని బయటకు వచ్చి కాసేపు గోడకు ఆనుకునేవాడు. నాకు అన్నీ తెలుసు. నేను పేజీ తిప్పేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక బుధవారం, పదకొండో మనిషిగా మా ఆవిడ పోయింది. ఆ తర్వాత కూడా నా ఫోనుకు మెసేజ్ వస్తూనే ఉంది: రేపు శాంతాబాయి గారి డయాలసిస్, సమయానికి రాగలరు. పదమూడో రోజు దాటాక ఫైలు తెచ్చుకుందామని కేంద్రానికి వెళ్ళాను. లోపలి నుంచి పార్వతమ్మ చూసి చెయ్యి ఊపింది. ఎమ్మిగనూరులో మగ్గాలకు నూలు చుట్టే మనిషి, మూడేళ్ళుగా మా ఆవిడ పక్క బెడ్డు ఆమెది.

"సారూ, అక్క కర్నూల్లో ఎట్లుండాది?"

అద్దాల తలుపు దగ్గర సామ్సన్ నిలబడి నావైపు చూశాడు. ఎనిమిది బెడ్లమీద ఎనిమిది ముఖాలు ఇటే తిరిగి ఉన్నాయి.

"బాగుంది" అన్నాను.

పది పదకొండు రోజులకు, ఒక బుధవారం మధ్యాహ్నం సామ్సన్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పార్వతమ్మత్త కర్నూలుకు పోయింది సార్. నిజంగానే పోయింది."

ఆమె కూతురు నందిని అక్కడ పనిచేస్తోంది. అక్క కూడా అక్కడే ఉంది, బాగుందని సారే చెప్పినాడు, ఇక వారానికి మూడుసార్లు ఈ బస్సు ప్రయాణం ఎందుకనుకుందట. శనివారం డయాలసిస్ అయ్యాక, తన చోటు వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళింది. ఆ రోజు సామ్సన్ శిక్షణకని హైదరాబాదులో ఉన్నాడు. టెక్నీషియన్ ప్రదీప్ వెంటనే ఆస్పరి లక్ష్మప్పకు ఫోన్ చేశాడు. ఏడు నెలలుగా ఎదురుచూస్తున్న లక్ష్మప్ప మంగళవారం తెల్లవారకముందే వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు.

"ఆయప్పను పొమ్మనలేకపోతిని సార్. కర్నూల్లో అడిగితే ఆడ మనకంటే పెద్ద లిస్టు. ఆమె రక్తం శుద్ధి అయి నాలుగు దినాలు. ఒళ్ళంతా నీరు పట్టిందంట. రేపు యాడో ఒకచోట ఎక్కకపోతే..." అన్నాడు.

నా ఫోన్ నుంచే చేశాను. ఆయాసపడుతూనే పలికింది పార్వతమ్మ.

"సారూ, అక్క యా ఆస్పత్రిలో ఉండాదో సెప్పు సారూ. ఆడికే పోతా. ఈడ ఎవరికీ తెలదంటాండారు."

"అమ్మా, శాంతాబాయి లేదు. చనిపోయింది. నేను అబద్ధం చెప్పినాను."

"బాగుండాదంటివి కద సారూ" అంది. ఫోన్ కూతురు తీసుకుంది. తెల్లవారి మొదటి బస్సుకు ఆదోనికి తీసుకురమ్మని సామ్సన్ ఆ అమ్మాయితో చెప్పాడు. చోటు ఎక్కడినుంచి వస్తుందో అతనికీ తెలియదు.

గురువారం ఉదయం పది గంటలకు రెండో షిఫ్టు వాళ్ళు వరండాలో చేరారు. నేనూ వెళ్ళాను. ఎనిమిది మందినీ ఒకచోట కూర్చోబెట్టాడు సామ్సన్.

"ఏమప్పా సామ్సన్, మమ్మల్ని గూడ కర్నూలుకు పంపుతాండావా?" అంది దేవక్క.

"కర్నూలుకు ఎవరూ పోలేదక్కా."

ఎవరూ నవ్వలేదు. దేవక్కే మళ్ళీ అడిగింది: "మరి గోనెగండ్ల టీచరమ్మ?"

"లేదక్కా."

"మన జయరాజు?"

"పోయిన చవితికి."

"శాంతక్క?"

సామ్సన్ నావైపు చూశాడు. నేను తల ఊపాను. అట్లా ఒక్కో పేరూ అడిగారు, ఒక్కోదానికీ చెప్పాడు. పదకొండు పేర్లూ అయ్యాక, ఇంకెవరి పేరైనా మిగిలిందా అన్నట్టు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు పార్వతమ్మ సంగతి చెప్పి, అడగవలసింది అడిగాడు. ఎనిమిది బెడ్లలో తొమ్మిది మంది సర్దుకోవాలంటే, మూడు వారాలకొకసారి ఒక్కొక్కరు ఒక పూట వదులుకోవాలి. డాక్టరును బతిమాలి ఒప్పించాడు. మంచిది కాదని ఆయన చెప్పిన మాట కూడా దాచకుండా చెప్పాడు.

లక్ష్మప్ప లేచాడు. "నా వల్లనే గదప్పా. నేను పోతా."

"కూసో" అంది దేవక్క. "వచ్చి రెండు దినాలు గాలేదు, అప్పుడే త్యాగమా? ఈ పూట నాది తీస్కోండి. ఇంటికాడ రాగులు ఎండబోసి వచ్చినా." సామ్సన్ పక్కనుంచి పోతూ ఆగి, "మమ్మల్ని సిన్నపిల్లోళ్ళు అనుకున్యావు కదప్పా" అంది.

పదకొండు గంటలు దాటాక పార్వతమ్మను కూతురు ఆటోలోంచి దింపింది. ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. లక్ష్మప్ప ముందే తానుగా దేవక్క బెడ్డుకు మారి, కిటికీ పక్క బెడ్డు ఆమెకు విడిచాడు. మిషను తిరగడం మొదలై గంటయ్యాక ఆమె నన్ను పిలిపించింది.

"అక్క పోయింది యా దినం సారూ?"

"బుధవారం, సాయంత్రం."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "తెల్లారి గురువారం. ఇది అక్క బెడ్డు కద. నాది గోడపక్క ఉండె. కాళీ అయ్యిందని అడిగి మరీ నేనే ఎక్కితి. ఎండ బాగ తగుల్తాదని ప్రదీపుతో నగుతాంటి. ఆ పొద్దు అక్కను ఎత్తుతాంటిరి."

గురువారం ఉదయం పదకొండుకే పాడె ఎత్తాము.

సామ్సన్ వచ్చి మంచం పక్కన వంగాడు. "అత్తా, బెడ్డు మార్చేదా?"

"యాడికప్పా? ఎవరూ పోని బెడ్డు ఉంటే సెప్పు, పోతా."

సామ్సన్ నిటారుగా నిలబడి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎనిమిది బెడ్లనూ చూశాడు. రెండోసారి కూడా చూశాడు. తర్వాత కిటికీకి తెర లాగి, ఆమె కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.